కాల్చిన మిరపకాయల క్రీమీ చికెన్ చిలీ: మన గోదారి జిల్లాల సరుకుతో అవుతుందా?

కొత్తపేట_కోడలు
అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి మా ఆడపడుచుగారు పిల్లల్ని తీసుకుని డల్లాస్ నుంచి వస్తున్నారు. అరిసెలు, సున్నుండలు, పొంగడాలు ఎలాగూ ఉంటాయి. పిల్లలు మాత్రం ఫోన్లో ముందే చెప్పేశారు, "అత్తా, క్రీమీ చికెన్ చిలీ చేస్తావా, కాల్చిన పెప్పర్స్ వేసి" అని. చేస్తానన్నాను గానీ సరుకుల దగ్గరే ఆగిపోయాను.
వీడియోల్లో తెల్ల బీన్సు, కాల్చిన పోబ్లానో మిరపకాయలు, సోర్ క్రీమ్, క్రీమ్ చీజ్, ఒరెగానో, మొక్కజొన్న గింజలు, జీలకర్ర, కొత్తిమీర, నిమ్మకాయ అంటున్నారు. ఇందులో చివరి నాలుగూ, కోడీ తప్ప మా ఊళ్లో ఏదీ దొరకదు. పోబ్లానోకి బదులు ఏ మిరపకాయ వాడాలి? మా ఇంట్లో గేదె మీగడ బోలెడు ఉంది, అది వేస్తే విరిగిపోతుందా? పండగ ముందు రాజమండ్రి వెళ్లి కొట్టు కొట్టూ తిరిగే తీరిక లేదండి. ఇంకో సంగతి, మా మావగారు, అత్తగారు కూడా తినేలా ఉండాలి.

భీమారం_బుల్లోడు
చిల్లీ చికెనే కదండీ! కార్న్‌ఫ్లోర్ పట్టించి వేయించి, సోయా సాసు, పచ్చిమిర్చి చీలికలు. మా జువ్వలపాలెం రోడ్డులో సాయంత్రమైతే అదే వాసన. దాన్లో క్రీమ్ పోసి పాడు చేసుకోవడం ఎందుకండి?

డల్లాస్‌లో_డెల్టావాడు
కాదు తమ్ముడూ, అది ఇండో చైనీస్ బండి సరుకు. ఆ పిల్లలు అడిగేది గిన్నెలో పోసుకుని చెంచాతో తినేది.
మాది రాజోలు దగ్గర. ఉద్యోగం ఇక్కడ కాబట్టి చెబుతున్నాను, చలికాలం వస్తే మా ఆఫీసు క్యాంటీన్లో ఇది లేని వారం ఉండదు. అసలు చిలీ టెక్సాస్ వంట. 1977లో ఆ రాష్ట్రం దాన్ని అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. శాన్ ఆంటోనియోలో 19వ శతాబ్దంలో ఆడవాళ్లు రాత్రిపూట బజార్లో దాకలు పెట్టి అమ్మేవారు, వాళ్లకి 'చిలీ క్వీన్స్' అని పేరు కూడా వచ్చింది. ఆ చిలీ ఎర్రగా ఉంటుంది. గొడ్డు మాంసం, ఎండుమిరప ముద్ద. అందులో బీన్స్ వేశామని ఇక్కడి పెద్దమనుషుల దగ్గర అంటే పోట్లాటకొస్తారు. ఈ తెల్ల చికెన్ చిలీ చాలా తర్వాత వచ్చిన రకం. కోడిమాంసం, తెల్ల బీన్సు, కాల్చిన పచ్చని మిరపకాయలు, ఆఖర్న క్రీమ్.
కాల్చడం అనేది ఈ ప్రాంతం వాళ్ల పిచ్చి. పక్కనే న్యూ మెక్సికోలో హ్యాచ్ అని ఒక ఊరుంది. అక్కడి మిరపకాయలు ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తాయి. ఇనప జాలీ డ్రమ్ముల్లో పోసి, గ్యాసు మంట పెట్టి, షాపు ముందే గిరగిరా తిప్పుతూ కాలుస్తారు. కారు దిగకముందే వాసన తగుల్తుంది. పోబ్లానో మెక్సికోలోని ప్యూబ్లా ప్రాంతానిది. వెడల్పుగా, ముదురాకుపచ్చగా ఉంటుంది, కారం చాలా తక్కువ. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 1000 నుంచి 2000 లోపు. జలపెన్యో అనే ఇంకో మెక్సికో మిరపకాయే 2500 నుంచి 8000 దాకా ఉంటుంది. మన పచ్చిమిర్చి సంగతి ఇక అడక్కండి.
కొత్తపేట చెల్లెమ్మా, ఒక మాట మాత్రం ముందే చెబుతాను. దీన్ని కూరలా మొదలెట్టకండి. అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గరం మసాలా వేసి నూనె తేలేదాకా వేయిస్తే కోడికూరలో మీగడ పోసినట్టే తయారవుతుంది. ఈ వంటకి మసాలా అంటే కాల్చిన మిరపకాయ. మిగతావన్నీ దానికి అడ్డు రాకుండా ఉండాలి.

పాలకొల్లు_పిన్ని
అల్లం లేకుండా కోడా! నీచు వాసన రాదూ? మా ఇంట్లో అయితే గిన్నె కూడా ముట్టుకోరు. పసుపైనా వేయాలా, అదీ వద్దా?

డల్లాస్‌లో_డెల్టావాడు
పిన్నిగారూ, పసుపు అసలే వద్దండి, రంగు మొత్తం మారిపోతుంది. నీచు భయం ఉంటే ముక్కల్ని ఉప్పు, నిమ్మరసం రాసి కాసేపు ఉంచి కడిగేయండి. వెల్లుల్లి పుష్కలంగా వేసుకోవచ్చు. అల్లం మాత్రం ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి.

పాలకొల్లు_పిన్ని
చూద్దాంలే బాబూ. నేను చిన్న ముక్క వేస్తాను, నువ్వు వచ్చి పట్టుకోలేవు కదా.

కడియం_మొక్కలాయన
మిరపకాయ విషయం నాకు వదిలేయండి. మన దగ్గర పోబ్లానోకి దగ్గరివాడు బజ్జీ మిరపకాయే. పొడుగ్గా, లేతాకుపచ్చగా ఉండే రకం. కారం దాదాపు ఉండదు, కాలిస్తే వాసన బ్రహ్మాండంగా వస్తుంది. ఒక్కటే లోటు, కండ పల్చన. పోబ్లానోకి కండ మందంగా ఉంటుంది కాబట్టి ముద్ద చేసినా, ముక్కలు వేసినా నోటికి తగుల్తుంది. ఆ లోటు క్యాప్సికంతో పూడ్చాలి. క్యాప్సికం ఒక్కటే వేస్తే మిరప వాసన రాదు, ఆకుపచ్చది అయితే కాస్త చేదు కూడా. అందుకని రెండు వంతులు బజ్జీ మిరపకాయలు, ఒక వంతు క్యాప్సికం. కిలో కోడికి ఎనిమిది, పది బజ్జీ కాయలు, రెండు మూడు క్యాప్సికంలు సరిపోతాయి. కారం కావాలంటే రెండు మామూలు పచ్చిమిర్చి వాటితోపాటే కాల్చండి.
కొనేటప్పుడు వంకర కాయలు ఏరకండి. మడతల్లో మంట తగలక అక్కడ తోలు ఊడి రాదు. తిన్నగా, నున్నగా, చేతిలో బరువుగా ఉన్నవి చూడండి. ఈ చలికాలంలో లంకల నుంచి వచ్చే కాయ కళగా ఉంటుంది, మీకు బాధలేదు. పండి ఎర్రబడిన బజ్జీ కాయలు రెండు మూడు కనిపిస్తే వదలకండి, వాటి తీపి ఈ వంటకి బాగా కలిసొస్తుంది.
పోబ్లానోనే కావాలనుకుంటే అది పెంచలేని మొక్క కాదు. అదీ మన మిరపా క్యాప్సికం ఆన్యుమ్ అనే ఒకే జాతి. మన వాతావరణంలో వానలు తగ్గాక నాటితే కాస్తుంది. కాకపోతే విత్తనం వేసింది మొదలు కాయ కోసేదాకా నాలుగు నెలలు చూడాలి. వచ్చే సంక్రాంతికి అనుకోండి.
ఒరెగానో దొరకలేదని బెంగ పడకండి. మీ పెరట్లో వామాకు ఉందా? దాన్నే కొన్ని దేశాల్లో క్యూబన్ ఒరెగానో అంటారు. రెంటిలోనూ కార్వాక్రాల్, థైమాల్ అనే నూనెలే వాసననిస్తాయి. రెండు ఆకులు సన్నగా తరిగి వేస్తే చాలు, ఎక్కువైతే దగ్గుమందు వాసన కొడుతుంది.

భీమారం_బుల్లోడు
పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు మా ఫ్రిజ్ తలుపులో గుట్టగా ఉన్నాయి. ఇన్నాళ్లకి వాటికో దారి దొరికింది.

అంబాజీపేట_అప్పచ్చి
వంకాయ కాల్చి పచ్చడి చేసే చేతులకి ఈ కాల్చడం కొత్తదేం కాదమ్మా. అయినా మిరపకాయకి కొన్ని తేడాలున్నాయి, చెబుతాను విను.
మా ఇంట్లో కుంపటి ఇంకా ఉంది. కొబ్బరి చిప్పల బొగ్గు వేసి, మంట పోయి నిప్పు కణకణలాడేటప్పుడు పైన జాలీ పెట్టి కాయలు పరుస్తాను. పొగ వాసన సన్నగా పడుతుంది. కొబ్బరి పీచు మీద పెట్టకు, పొగ ఎక్కువై కాయ మసి కంపు కొడుతుంది. గ్యాసు పొయ్యి అయితే పుల్కాల జాలీ పెట్టి పెద్ద మంట మీద కాల్చు. సన్న మంట మీద పెడితే తోలు నల్లబడేలోపు లోపల కండ ఉడికి జావైపోతుంది. తోలు మాడాలి, కండ నిలవాలి. అందుకే మంట పెద్దదిగా ఉండాలి, నువ్వు పక్కన నిలబడి తిప్పుతూ ఉండాలి.
పొయ్యి మీద పెట్టే ముందు ప్రతి కాయకీ చాకుతో చిన్న గాటు పెట్టు. బజ్జీ కాయ లోపల గాలి వేడెక్కి టప్పున పేలుతుంది, గింజలు మొహం మీద పడతాయి. క్యాప్సికం అయితే తొడిమె పక్కన ఒక పోటు చాలు.
నల్లబడిన కాయల్ని వెంటనే గిన్నెలో వేసి మూత పెట్టు. పావుగంట దాని జోలికి వెళ్లకు. ఆ ఆవిరికే తోలు వదులవుతుంది. తర్వాత వేళ్లతో జారుస్తే వచ్చేస్తుంది. కొంచెం నలుపు అక్కడక్కడా మిగిలినా ఫర్వాలేదు. కుళాయి కింద పెట్టి కడిగేస్తారు కొందరు, అలా చేస్తే కాల్చిన వాసనంతా సింకులోకి పోతుంది. చెయ్యి తడి చేసుకుంటూ తియ్యి. గిన్నె అడుగున దిగిన రసం పారబొయ్యకు, అది చారులో కలుపు.
కారం గింజల్లో ఉంటుందనుకుంటారు. లోపల గింజల్ని పట్టుకుని ఉండే తెల్ల ఈనెల్లో ఉంటుంది. పెద్దవాళ్లు తినాలన్నావు కాబట్టి అవి తీసెయ్. ఆ చేత్తో కళ్లు నలుపుకోకు.
మీగడ, క్రీమ్ అని ఇంత ఆలోచన దేనికి? కోనసీమలో ఉండి కొబ్బరిపాలు పొయ్యక!

డల్లాస్‌లో_డెల్టావాడు
అత్తయ్యగారూ, కొబ్బరిపాలు పోస్తే రుచి బావుంటుంది, నేనూ తింటాను. కానీ పిల్లలు ఒక చెంచా నోట్లో పెట్టగానే "ఇది వేరే ఏదో" అంటారు. కాల్చిన మిరప వాసనని కొబ్బరి మింగేస్తుంది. పాలు పడనివాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం చిక్కటి మొదటి పాలు ఆఖర్న పోసి, మరగనివ్వకుండా దించెయ్యొచ్చు.

అంబాజీపేట_అప్పచ్చి
మింగేస్తే మింగేస్తుంది. మా ఇంట్లో అదే.

కాకినాడ_మాస్టారు
మీగడ విరుగుతుందా అని అడిగారు కదా, నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి కాస్త ఓపిగ్గా రాస్తున్నాను.
పాలల్లో కేసీన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. పులుపు తగిలితే, పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగినకొద్దీ అంకె తగ్గుతుంది) 4.6 దగ్గరికి దిగేసరికి అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేడి తోడైతే అంత పులుపు కూడా అక్కర్లేదు, ముందే విరుగుతాయి. మీ వంటలో నిమ్మరసం ఉంది, కాల్చిన మిరపకాయల్లోనూ కొంచెం పులుపుంటుంది. కాబట్టి మరుగుతున్న దాకలో పాలు గానీ, పల్చటి పెరుగు గానీ పోస్తే పలుకులు పలుకులుగా విడిపోతుంది.
కొవ్వు ఎక్కువ ఉంటే ఈ బాధ తగ్గుతుంది. కొవ్వు శాతం పెరిగినకొద్దీ ప్రోటీన్ వాటా తగ్గుతుంది కదా, అతుక్కునే సరుకే తక్కువ. అమెరికాలో హెవీ క్రీమ్ అంటే కనీసం 36 శాతం కొవ్వు ఉండాలి. అందుకే వాళ్లు మరిగే చారులో పోసినా ఏమీ కాదు. మనకి కొట్లో దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్ 25 శాతం. అది సన్న మంట మీద బాగానే నిలుస్తుంది, తెర్లనివ్వకూడదు. సోర్ క్రీమ్ కనీసం 18 శాతం. పుల్లగా కూడా ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లూ దాన్ని పొయ్యి ఆపాకే కలుపుతారు.
ఇక మీ గేదె మీగడ. కొవ్వు పుష్కలం, భయం లేదు. చిక్కంతా దాని తీరులోనే. కాచిన పాల మీద కట్టిన మీగడ తరకలు తరకలుగా ఉంటుంది. అలాగే వేస్తే చారులో తెల్ల పొరలు తేలుతాయి, చూసినవాళ్లు విరిగిందనుకుంటారు. కొంచెం పాలు పోసి మిక్సీలో రెండు మూడు తిప్పులు తిప్పండి, నునుపుగా అవగానే ఆపండి. ఇంకా తిప్పితే వెన్న వచ్చేస్తుంది. నిన్నటి, ఇవాళ్టి మీగడే వాడండి. వారం రోజులుగా నెయ్యి కోసం దాచినది పులిసి ఉంటుంది, దానికి వేరే వాసన.
సోర్ క్రీమ్ పులుపు కోసం, చిక్కటి గేదె పెరుగుని పల్చటి గుడ్డలో మూటగట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీయండి. నీరంతా పోయాక అర చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి గిలక్కొట్టండి. ఆ పిండి ప్రోటీన్లు అతుక్కోకుండా అడ్డుపడుతుంది. పొయ్యి ఆపి, గరిటెడు వేడి చారు పెరుగులో పోసి కలిపి, అప్పుడు దాన్ని దాకలోకి వంచండి.
క్రీమ్ చీజ్‌కి బదులు పనీర్ వేయమని ఎవరైనా చెబితే వినకండి. పనీర్ కరగదు. రెండు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు తురిమి వెయ్యండి. వాటిలో కలిపే ఎమల్సిఫైయర్ లవణాల వల్ల కొవ్వూ ప్రోటీనూ విడిపోకుండా కరుగుతాయి, మొత్తం చారుకే నునుపొస్తుంది. కాకపోతే వాటిలో ఉప్పుంటుంది, మీ ఉప్పు తగ్గించుకోండి.

భీమారం_బుల్లోడు
మాస్టారూ, మిరపకాయ మంట పుడితే నీళ్లకి తగ్గదు, పెరుగన్నానికి తగ్గుతుంది. అదీ ఈ కేసీనేనా?

కాకినాడ_మాస్టారు
అదే. కారానికి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కేసీన్ దాన్ని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. క్రీమీ చిలీలో కారం తక్కువ అనిపించేది ఇందుకే. కాబట్టి క్రీమ్ కలపకముందు రుచి చూసినప్పుడు కారం కొంచెం ఎక్కువే అనిపించాలి.

సఖినేటిపల్లి_రేవు
బీన్సు గురించి ఎవరూ చెప్పలేదు. తెల్ల రాజ్మా మాకూ దొరకదు. మామూలు ఎర్ర రాజ్మా వేస్తే చారు గోధుమరంగులోకి తిరుగుతుంది. బొబ్బర్లు వేయొచ్చా? ఇంకోటి, మా వైపు బోరునీళ్లలో ఏ గింజా తొందరగా ఉడకదు. ఎన్ని కూతలు వచ్చినా గింజ గట్టిగానే ఉంటుంది.

కాకినాడ_మాస్టారు
సముద్రం వైపు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి కదండీ. ఆ నీళ్లలోని కాల్షియం గింజ తోలులోని పెక్టిన్‌ని బిగించేస్తుంది. నానబెట్టడానికీ, ఉడకబెట్టడానికీ తాగే నీళ్లే వాడండి. లేదా చిటికెడు వంటసోడా వేయండి, ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది. పులుపు కూడా గింజని బిగిస్తుంది, నిమ్మకాయ ఉడికాకే.
రాజ్మా ఏ రంగుదైనా సరే, సగం ఉడికించి తినకూడదు. పచ్చి గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, వాంతులు, విరోచనాలు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు సలసలా మరగాలి. కుక్కర్లో పెడితే ఏ భయమూ లేదు.

పాలకొల్లు_పిన్ని
బొబ్బర్లు అయితే పప్పు వాసన వస్తుంది. కాబూలీ శనగలు వేసుకో అమ్మా, తెల్లగానే ఉంటాయి, ప్రతి కొట్లోనూ దొరుకుతాయి. పచ్చి చిక్కుడు గింజలు ఈ నెలలో లేతగా వస్తాయి, అవీ బావుంటాయి. పైతోలు ఒలిస్తే వెన్నలా ఉంటాయి.

డల్లాస్‌లో_డెల్టావాడు
చిక్కుడు గింజలు! పిన్నిగారూ, అది నాకు తట్టలేదు. ఇందులో వేసే ఇక్కడి తెల్ల బీన్సు, కన్నెలినీకి కాబూలీ శనగలకన్నా అవే దగ్గర. మెత్తగా, లోపల పిండిగా ఉంటాయి. అల్లం ముక్క మాఫ్.

తణుకు_ఫారం
కోడి సంగతి నేను చెబుతాను, మాది ఫారమే. ఈ వంటకి బ్రాయిలర్ చాలు. 40 రోజుల కోడి, కండ లేతగా ఉంటుంది, పోగులుగా విడిపోతుంది. బోన్‌లెస్ కొనకండి. తొడ, కాలు ఎముకతోపాటు తెచ్చుకుని నీళ్లలో సన్న మంట మీద అరగంట ఉడికిస్తే కండా వస్తుంది, చారుకి రసమూ వస్తుంది. రొమ్ము ముక్కలు ఎండిపోతాయి. నాటుకోడి రుచి నాటుకోడిదే గానీ దాన్ని ఇందులో వేసి ఏం లాభం, పులుసు పెట్టుకోండి. పండగ మూడ్రోజులూ పందేల్లో పోయిన కోళ్లు ఇంటికొస్తాయి కదా, కొత్తపేట చెల్లెమ్మగారు వాటి మీద ప్రయోగం చెయ్యకండి. ఆ కండ కుక్కర్‌కి కూడా లొంగదు.
రసం చిక్కగా కావాలంటే గుడ్లు ఆపేసిన లేయర్ కోడి ఎముకలు బ్రహ్మాండం. మా వైపు చవగ్గానే ఇస్తారు.

సఖినేటిపల్లి_రేవు
బర్డ్ ఫ్లూ గోల అయ్యాక మా ఇంట్లో కోడంటే ఇంకా జంకుతున్నారండి.

తణుకు_ఫారం
2025 ఫిబ్రవరిలో మా వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ వచ్చింది, నిజమే. మేం పడ్డ అవస్థ మాకే తెలుసు. అప్పుడైనా ఇప్పుడైనా సంగతి ఒకటే, లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ బతకదు. మన వంటలో కోడి అరగంట ఉడుకుతుంది. జాగ్రత్త పడాల్సింది పచ్చి మాంసం ముట్టుకున్న చెయ్యి, కత్తి, పీట విషయంలో. ఆ పీట మీదే కొత్తిమీర తరక్కండి.

కొత్తపేట_కోడలు
అమ్మో, ఇన్ని సంగతులా! అందరికీ దణ్ణాలు. డెల్టా అన్నయ్యగారూ, ఇవన్నీ కలిపి ఏది ముందు ఏది వెనక అని ఒకచోట రాసి పెడతారా? ఆరుగురు పిల్లలు, ఆరుగురు పెద్దలు.

డల్లాస్‌లో_డెల్టావాడు
రాస్తున్నానమ్మా. పన్నెండు మందికి, పక్కన వేరే వంటలూ ఉంటాయి కాబట్టి, ఎముకతో కిలోన్నర కోడి సరిపోతుంది. కడియం బాబాయ్ చెప్పిన లెక్క కిలోకి, మీరు దానికి సగం కలుపుకోండి, అంటే పదిహేను దాకా బజ్జీ కాయలు, నాలుగు క్యాప్సికం. పిల్లలు ఎక్కువ కాబట్టి పచ్చిమిర్చి రెండే.
ముందురోజు రాత్రి కాబూలీ శనగలు రెండు గ్లాసులు నానబెట్టండి. చిక్కుడు గింజలైతే నానబెట్టే పని లేదు, ఒలిచినవి మూడు గ్లాసులు చూసుకోండి. మిరపకాయలు కూడా ముందురోజే కాల్చి, తోలు తీసి, రసంతో సహా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పండగనాడు పొయ్యి ఖాళీ ఉండదు కదా.
తెల్లారాక కోడి ముక్కలు, ఒక ఉల్లిపాయ సగాలుగా కోసినది, నాలుగు మిరియాలు, ఉప్పు వేసి, ముక్కలు మునిగి రెండంగుళాలు పైకి వచ్చేలా నీళ్లు పోసి సన్న మంట మీద పెట్టండి. పైన తేలే నురగ తీసేయండి. గలగలా మరిగించకండి, రసం మసగబారుతుంది. అరగంట తర్వాత ముక్కలు తీసి, చల్లారాక కండ పోగులుగా విడదీసి, ఎముకలు మళ్లీ ఆ రసంలోనే పడేసి ఇంకో అరగంట ఉంచి వడగట్టండి.
ఇప్పుడు పెద్ద దాకలో రెండు మూడు చెంచాల వెన్న గానీ నూనె గానీ వేసి, మూడు ఉల్లిపాయలు సన్నగా తరిగి రంగు మారకుండా మగ్గించండి. ఇక్కడే మన చెయ్యి ఊరుకోదు, ఎర్రగా వేయించేస్తాం. వద్దు. పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, పచ్చివాసన పోగానే వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, ధనియాల పొడి ఒక్క చెంచా, వామాకు లేదా బుల్లోడి ఒరెగానో. మసాలా అంతే, పూర్తయింది.
కాల్చిన మిరపకాయల్లో సగం మిక్సీలో ముద్ద చేసి వేయండి, మిగతా సగం వేలెడు ముక్కలుగా కోసి ఉంచండి. ముద్ద చారుకి రుచినిస్తుంది, ముక్కలు నోటికి తగిలి ఏం తింటున్నామో చెబుతాయి. రసం పోసి, ఉడికిన గింజలు వేసి, వాటిలో గ్లాసుడు మెదిపి కలపండి. చిక్కదనం దాన్నుంచే రావాలి, పిండి నుంచి కాదు. ఇరవై నిమిషాలు ఉడికాక కోడి, మిరప ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న గింజలు. ఉప్పు, కారం ఇప్పుడే చూడాలి, మాస్టారు చెప్పినట్టు కారం ఒక పిసరు ఎక్కువుండాలి. పప్పుచారుకన్నా చిక్కగా, ముద్దపప్పుకన్నా పల్చగా ఉంటే సరిగ్గా కుదిరినట్టు.
మంట బాగా తగ్గించి చీజ్ తురుము, మిక్సీ పట్టిన మీగడ గ్లాసుడు. కరిగాక పొయ్యి ఆపేసి పెరుగు. అన్నిటికన్నా చివర నిమ్మరసం, కొత్తిమీర. మళ్లీ మరిగించకండి. మిగిలితే మర్నాడు ఇంకా బావుంటుంది, సన్న మంట మీద కొంచెం నీళ్లు పోసి వెచ్చబెట్టుకోవాలి.

పాలకొల్లు_పిన్ని
అంతా బానే ఉంది, దేంతో తినాలి? ఉత్తి గిన్నెలో పోసుకుని తాగితే మా వాళ్లకి భోజనం చేసినట్టుండదు.

డల్లాస్‌లో_డెల్టావాడు
ఇక్కడ మొక్కజొన్న చిప్స్, కార్న్ బ్రెడ్. మీకు మెట్ట వైపు మొక్కజొన్న పిండి దొరుకుతుంది గానీ దాంతో టోర్టిల్లా, అంటే వాళ్ల పల్చటి మొక్కజొన్న రొట్టె, రాదు. వాళ్లు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. అందుకే ఆ పిండి సాగుతుంది, మన పిండి విరిగిపోతుంది.

అంబాజీపేట_అప్పచ్చి
దిబ్బరొట్టె వెయ్యండమ్మా. పైన కరకర, లోపల మెత్తన. ముక్క తుంచి ముంచుకుంటే చాలు.

భీమారం_బుల్లోడు
అప్పచ్చిగారూ, ఈ మొత్తం చర్చలో పనికొచ్చిన మాట ఇదేనండి.

తణుకు_ఫారం
కొబ్బరిపాల దగ్గర ఓడిపోయినా రొట్టె దగ్గర గెలిచారు.

కొత్తపేట_కోడలు
కనుమ మర్నాడు చేశానండి. చిక్కుడు గింజలే వేశాను, మిరపకాయలు పెరట్లో పొయ్యి మీద కాల్చాను. చిన్నాడు ముందు మూతి ముడిచి, "కొత్తిమీర ఎక్కువైంది అత్తా" అన్నాడు, అయినా రెండోసారి పోయించుకున్నాడు. పెద్దమ్మాయి పైన అరటి చిప్స్ నలుపుకుని తింది, రావులపాలెం నుంచి తెచ్చినవి. అది బావుంది, మీరూ చూడండి. మా అత్తగారికి దిబ్బరొట్టెతో నచ్చింది. మావగారు మాత్రం అన్నంలో కలుపుకుని, పక్కన మాగాయ పెట్టుకుని, "మజ్జిగపులుసులో కోడి వేశారేంటి" అన్నారు. బావుందన్నారో లేదో ఇప్పటికీ తేలలేదు.
ఒక సందేహం. కాల్చిన మిరపకాయలు ఇంకో గిన్నెడు మిగిలాయి. ఎన్నాళ్లుంటాయి?

అంబాజీపేట_అప్పచ్చి
ఫ్రిజ్‌లో అయితే మూడు నాలుగు రోజులు. నూనెలో ముంచి బయట పెట్టకు, ఆవకాయలా ఉంటుందనుకుంటారు. ఇందులో ఉప్పూ లేదు, పులుపూ లేదు.

కాకినాడ_మాస్టారు
అప్పచ్చిగారి మాట గట్టిగా పట్టుకోండి. గాలి తగలకుండా నూనె కింద ఉన్న పులుపులేని కూరగాయలో బొటులిజం బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. డీప్ ఫ్రిజ్ ఉంటే ఒక్కో వంటకి సరిపడా చిన్న చిన్న పొట్లాలు కట్టి, తోలుతోనే పెట్టేయండి. కరిగాక తోలు ఇంకా తేలిగ్గా ఊడుతుంది.

కడియం_మొక్కలాయన
తోలు తీసినవి అయితే పలుచగా పరిచి గడ్డకట్టించండి, కావాల్సినంత విరుచుకోవచ్చు. పోబ్లానో విత్తనాలు కావాల్సినవాళ్లు శ్రావణంలోపు చెప్పండి, నారు పోస్తాను.